కోట కాచినవారు, తివాచీ నేసినవారు

తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి ఏలూరు వెళ్ళేటప్పుడు నేనెప్పుడూ ఎడమ కిటికీ పక్కనే కూర్చుంటాను. బాదంపూడి, ఉంగుటూరు, చేబ్రోలు, కైకరం, పూళ్ళ, భీమడోలు దాటేదాకా తల తిప్పబుద్ధి కాదు. ఆ వైపే, వరి చేల అవతల, కొబ్బరి తలల అవతల కొల్లేరుంది. రైల్లోంచి సరస్సు కనిపించదు. ఆ దిక్కున ఆకాశం మాత్రం కాస్త కిందికి దిగినట్టుంటుంది. చలికాలం పొద్దున్నే అయితే గూడబాతుల బారు ఒకటి ఆ ఆకాశం మీద మెల్లగా కదిలిపోతుంది. చిన్నప్పుడు మా నాన్న వేలు పెట్టి చూపించి, "అదిగోరా, అక్కడ వడ్డీల లంకలున్నాయి" అనేవాడు. దెందులూరు దాటి పవర్‌పేట స్టేషను వచ్చేసరికి ఆయన మాట మారేది. "తివాచీలోళ్ళ ఊరొచ్చింది, దిగు" అనేవాడు.

మా తాతగారింట్లో ఒక ఏలూరు తివాచీ ఉండేది. ఎర్రటి నేల, నీలం అంచు, మధ్యలో ఆకులూ పువ్వులూ. పెళ్ళివారొచ్చినప్పుడు, ఊరి పెద్దలు తగవు తీర్చడానికి కూర్చున్నప్పుడు మాత్రమే దాన్ని పరిచేవారు. మిగతా రోజుల్లో వేపాకు వేసి చుట్టి అటక మీద పెట్టేవారు. ఆ ఇంటి పెరటి గుమ్మం దగ్గరకు వారానికి రెండుసార్లు గంపతో ఒకామె వచ్చేది. గంపలో తడి గడ్డి కింద కొర్రమీనులు, ఇంగిలాయిలు కదులుతూ ఉండేవి. ఆమెది కొల్లేటి లంక. వీధి గుమ్మంలో పరిచే తివాచీకీ, పెరటి గుమ్మంలో దిగే గంపకూ ఏదో సంబంధం ఉంటుందని అప్పట్లో నాకు తట్టలేదు. ఆ తివాచీ నేసినవాళ్ళ ముత్తాతలూ, ఆ గంప తెచ్చినామె ముత్తాతలూ ఈ నేలకు పరాయివాళ్ళేనని, ఒకే కథలో రెండు వైపుల నిలబడ్డవాళ్ళని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

కొల్లేటి ప్రజలు ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. సరస్సు నడుమ కొల్లేటికోటలో ఒడ్ర దేశపు గజపతుల కోట ఉండేదట. చుట్టూ నీళ్ళే దానికి కందకం. తురక సైన్యం వచ్చి గట్టున చిగురుకోట దగ్గర విడిది చేసింది. దోనెలు లేకుండా కోట చేరలేక, సరస్సునే ఖాళీ చేద్దామని సముద్రం దాకా ఒక కాలువ తవ్వించింది. అదే ఉప్పుటేరు. నీరు తగ్గిపోతుంటే కోటలోని సేనాని దేవతలను మెప్పించడానికి కన్నకూతురినే బలి ఇచ్చాడట. ఆ పిల్ల పేరు మీదే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు మిగిలిందంటారు. కోట పోయింది. కోట కాచిన ఒడ్ర సైనికులు మాత్రం వెనక్కి వెళ్ళలేదు. కత్తి పక్కన పెట్టి వల పట్టారు, లంకల మీదే ఉండిపోయారు. వాళ్ళ సంతతే తామని కొల్లేటి వడ్డీల నమ్మకం. ఒడ్ర, ఒడ్డె, వడ్డి అన్న మాటల్లోనే ఆ పుట్టిల్లు దాగి ఉంది.

కథలో సైనికుడి పేరు లేదు, తేదీ లేదు. కానీ చరిత్ర దీన్ని కొట్టిపారేయదు. గజపతులు కొండపల్లి దాకా ఏలినవారే. 1515-16 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు కొండపల్లితో సహా వాళ్ళ దుర్గాలు పట్టుకుని, సంధి కుదిరాక కృష్ణకు ఉత్తరాన ఉన్న నేలను తిరిగి గజపతికే ఇచ్చాడు. ఆ తర్వాత కొండపల్లి, ఏలూరు గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి చిక్కాయి. ఆ వంశ మూలపురుషుడు సుల్తాన్ కులీ పారశీక దేశపు హమదాన్ నుంచి వచ్చినవాడు. ఆయన వెంట, ఆయన తర్వాతా మచిలీపట్నం (బందరు) రేవు గుండా పారశీకులు వస్తూనే ఉన్నారు. వర్తకులొచ్చారు, మున్షీలొచ్చారు, గుర్రాల వ్యాపారులొచ్చారు. తివాచీ నేసేవాళ్ళూ వచ్చారు. వాళ్ళలో కొందరు ఏలూరులో స్థిరపడ్డారు. తంగెళ్ళమూడి మగ్గాల దగ్గర ఇప్పటికీ ముసలివాళ్ళు "మావాళ్ళు ఇరాన్ నుంచొచ్చారండీ" అంటారు. ఆ మాట అనేటప్పుడు వంగిన నడుం ఒక్క క్షణం నిటారవుతుంది.

కథ ప్రకారం చూస్తే ఒకరు కోటలోపలివాళ్ళు, ఇంకొకరు కోట బయటి పక్షపు దర్బారుకు తివాచీలు పరిచినవాళ్ళు. ఈ రెండు జాతులూ పాతిక కిలోమీటర్ల లోపు దూరంలో కొన్ని వందల ఏళ్ళు బతికాయి. ఒకరినొకరు ద్వేషించుకున్న దాఖలా నాకెక్కడా కనిపించలేదు. ఏలూరు బజారులో వీళ్ళ చేప వాళ్ళు కొన్నారు, ఒకే కాలవ నీళ్ళు తాగారు. ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరూ కూలిపోయారు. ముందు కూలింది తివాచీ.

తివాచీ ఎలా పుడుతుందో చూడనివారికి దాని పతనం అర్థం కాదు. నిలువు మగ్గం మీద నూలు పడుగు బిగిస్తారు. దాని ముందు చెక్క పలక మీద ఇద్దరో ముగ్గురో పక్కపక్కన కూర్చుంటారు. రంగు ఉన్ని పోగు తీసుకుని రెండు పడుగు దారాలకు ముడి వేసి, చాకుతో తెంపుతారు. మళ్ళీ ముడి. వరస పూర్తయ్యాక అడ్డంగా పేక పోగు తోసి, ఇనుప దువ్వెనతో దిగగొడతారు. మళ్ళీ మొదటి ముడి. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు తివాచీకి చదరపు అంగుళానికి పాతిక ముళ్ళే వేసుకున్నా మొత్తం 1,94,400 ముళ్ళు. మనిషి వేలు అన్నిసార్లు కదిలితేనే పువ్వు పూస్తుంది. పై నుంచి కోసి నున్న చేశాక ఆ ముళ్ళేవీ కంటికి కనిపించవు. మా తాతగారి తివాచీ మీద కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కరైనా వాటి గురించి తలచారో లేదో.

ఆ పువ్వులకు పేర్లుండేవి. హైదర్‌ఖానీ, రామచంద్రఖానీ అనేవారు. రామచంద్రుడి పక్కన ఖానీ చేరిన ఆ ఒక్క పేరు చాలు, పారశీకం నుంచి వచ్చిన చెయ్యి ఈ గోదావరి నేలలో ఎంత లోతుకు వేళ్ళూనిందో చెప్పడానికి. అందులో వలస వచ్చినవాడి బెరుకు లేదు, అతిథిగా ఉన్నవాడి మొహమాటం లేదు. సొంతింట్లో ఉన్నవాడే అలాంటి పేరు పెట్టగలడు.

1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో కొట్టు తెరిచింది. బందరు, ఏలూరు, ఓరుగల్లు తివాచీలు ఓడలెక్కాయి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలను చూసి దొరలు ముక్కున వేలేసుకున్నారు. ఆ మెప్పే శాపమైంది. గిరాకీ పెరిగేసరికి వర్తకుడు తొందరపెట్టాడు. చవక కావాలన్నాడు, తన దారమే వాడమన్నాడు. జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆంగ్లేయుడు 1880లో భారతీయ కళల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి దాచకుండా ఒప్పుకున్నాడు. ఒకప్పుడు హిందూదేశంలో మేలైన వాటిలో ఒకటైన బందరు తివాచీని తమ దేశపు గిరాకీయే పాడుచేసిందని, వర్తకులు అంటగట్టిన చవక సరుకు నేతగాడి సంప్రదాయాన్ని తెంపేసిందని ఆయన బాధపడ్డాడు. దొంగ సొమ్ము లెక్క దొంగింటివాడే చెప్పినట్టుంటుంది ఆ పేజీ చదివితే.

అప్పటికే రంగు కూడా చెయ్యి జారిపోయింది. ఈ తీరానికి నీలిమందు, చిరువేరు పేరు తెచ్చిన సరుకులు. నీటిలోని ఉప్పును బట్టి, ఎండను బట్టి రంగు ఎలా తేలుతుందో రంగరికే తెలుసు. 1856లో ఇంగ్లండులో ఒక కుర్రవాడు తారు నుంచి ఊదారంగు తీశాడు. మరో పదమూడేళ్ళకు మంజిష్ఠ ఎరుపును కూడా రసాయనంతోనే చెయ్యగలిగారు. డబ్బాలో వచ్చిన రంగు చవక, తేలిక. కానీ మొదట్లో వచ్చిన ఆ రంగులు ఎండకు వెలిసిపోయాయి, తడికి కారిపోయాయి. తాత కాలం తివాచీ మనవడి పెళ్ళిలోనూ మెరిసేది. కొత్త తివాచీ నాలుగేళ్ళకే ముసలిదైంది. కొన్నవాడు తిట్టింది రంగు డబ్బాను కాదు, ఏలూరును.

అది చాలదన్నట్టు ప్రభుత్వమే జైళ్ళలో మగ్గాలు పెట్టించి ఖైదీలచేత తివాచీలు నేయించింది. కూలి ఇవ్వనక్కర్లేని చేతులతో కూలికి బతికే చేతులు పోటీ పడాలి. 1864 నవంబరులో బందరును తుపాను ముంచేసింది. సుమారు 30,000 మంది పోయారు. ఆ రేవు మళ్ళీ తేరుకోలేదు. ఏలూరు సరుకుకు సముద్రం వైపు ఉన్న దగ్గరి దారి అలా మూసుకుపోయింది.

అయినా ఏలూరు మగ్గం ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చాక అమెరికా, ఇంగ్లండు, జర్మనీ నుంచి ఆర్డర్లొచ్చాయి. పైకి చూస్తే అది బాగుపడ్డ కాలమే. లోపల జరిగిందేమిటంటే, నేతగాడు కూలివాడయ్యాడు. ఉన్ని ఎగుమతిదారుది, నమూనా కాగితం ఎగుమతిదారుది, బేరం ఎగుమతిదారుది. చదరపు అడుక్కింత అని నేసినవాడికి కూలి. తివాచీ ఏ దేశపు ఏ ఇంట్లో పరిచారో, ఎంతకు అమ్మారో అతనికి తెలియదు. ఖానీల పేర్లు పోయి నమూనా నంబర్లు వచ్చాయి.

ఒక సంగతి దాచకూడదు. ఆ కూలితో ఇల్లు గడవక పిల్లల్ని కూడా మగ్గం ముందు కూర్చోబెట్టారు. చిన్న వేళ్ళకు ముడి తేలిక అన్నారు. 1986 బాలకార్మిక నిషేధ చట్టం తివాచీ నేతను నిషిద్ధ పనుల జాబితాలో చేర్చింది. మంచి పనే చేసింది. కానీ పిల్లవాణ్ణి మగ్గం దించిన చట్టం తండ్రి కూలిని పెంచలేదు. బడికి వెళ్ళిన పిల్లవాడు మళ్ళీ మగ్గం ముఖం చూడలేదు, చూడమని తండ్రీ అడగలేదు. అలా ఒక తరంలో తాడు తెగింది. తర్వాత మిషను తివాచీ, ప్లాస్టిక్ పోగు తివాచీ బజారును నింపాయి. ఇప్పుడు ఏలూరు తివాచీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు ఇంకెవరూ పెట్టుకోకూడదని చట్టం కాపలా కాస్తోంది. నేసేవాళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది అయ్యారు.

ఇక రెండో కథ. ఇది నా కళ్ళముందే జరిగింది, అందుకే దీన్ని చెప్పడం ఎక్కువ కష్టం.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులు తెచ్చిన వరద నీటిని కడుపులో దాచుకుని, మెల్లగా ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలేది. లోపల 46 లంక గ్రామాలు, చుట్టూ 76 ఒడ్డు గ్రామాలు అని లెక్క చెబుతారు. వానాకాలం లంకలన్నీ ద్వీపాలు. వేసవిలో నీరు తీసినచోట దాళ్వా వరి. మిగతా కాలమంతా వేట. వడ్డీల చేతిలో తాటి దోనె, గడ, వెదురు పుల్లలతో అల్లిన మావులు, నీటికి అడ్డంగా కట్టే వలకట్లు ఉండేవి. ఏ మూల వలకట్టు ఏ ఊరిదో, ఎప్పుడు తీసెయ్యాలో ఊరి కట్టుబాటు చెప్పేది. మీరిన వాడు పెద్దల ముందు తప్పు కట్టాల్సిందే. కొర్రమీను, మట్టగిడస, గొరక, వాలుగ, బొమ్మిడాయి ఎవరి చెరువులోనివీ కావు, అందరి కొల్లేటివి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు లంకలన్నీ దోనెలు కట్టుకుని కదిలేవి. వాళ్ళు పేదవాళ్ళే. వరదలొస్తే గుడిసెలు కొట్టుకుపోయేవి, తాగడానికి మంచినీళ్ళకు కరువు. అయినా తమ నీటికి తామే పెద్దలు.

వరుస తుపాన్లకు, ముంపులకు ఆ బతుకు మరీ చితికిపోయిందని, వాళ్ళను నిలబెట్టాలని 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. కొల్లేటి లంకల్లో సహకార సంఘాలు పెట్టి, సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వి వాళ్ళకే ఇస్తామంది. ఇచ్చింది కూడా. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అప్పటిదాకా ఏ సర్కారూ లంకవాడి గుడిసె కేసి చూడలేదు. వేట మనిషి గట్టు మీద నిలబడి "ఇది మా చెరువు" అనుకున్న రోజు అది.

ఆ గట్టే కొంప ముంచింది. చెరువన్నాక గట్టుంటుంది, గట్టున్నాక హద్దుంటుంది, హద్దున్నాక లీజుంటుంది. చేపపిల్ల కొనాలి, తవుడు వెయ్యాలి, ఎరువు వెయ్యాలి, పెట్టుబడి కావాలి. వడ్డీల దగ్గర చెయ్యి ఉంది, దోనె ఉంది, పెట్టుబడి లేదు. మెట్ట నుంచి, పట్నాల నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చారు. సంఘం పేరు సంఘానిదే, కాగితం సంఘానిదే, చెరువు మాత్రం లీజుదారుడిది. ఊరికింత అని లీజు సొమ్మిస్తే, దాన్ని ఇంటింటికీ వాటాలు వేసుకున్నారు. కొన్నేళ్ళు ఆ వాటా సొమ్ముతో లంకల్లో పెంకుటిళ్ళు, డాబాలు లేచాయి. పిల్లల్ని కైకలూరు, ఏలూరు కాన్వెంట్లకు పంపారు. గుడులు కట్టారు. బయటివాళ్ళు చూసి, "వడ్డీలు బాగుపడ్డారు" అన్నారు.

నిజానికి ఆ రోజుల్లోనే వాళ్ళు కొల్లేటిని పోగొట్టుకున్నారు. గట్లు నీటి దారిని కట్టేశాయి. ఎగువ నుంచి బుడమేరు బెజవాడ మురుగును, తమ్మిలేరు ఏలూరు మురుగును మోసుకొచ్చాయి. చెరువులోని బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తాకు, ఈశాన్య రాష్ట్రాలకు పోయాయి. గంపతో మా పెరటికొచ్చే ఆమె రావడం మానేసింది. ఆమె అమ్మడానికి చేప మిగల్లేదు. ఇంటి ఆడమనిషి చేతిలో ఆడే చిల్లర డబ్బు పోయింది, లీజు సొమ్ము మగవాడి చేతికొచ్చింది. ఈ నష్టం ఏ లెక్కలోనూ కనిపించదు. లంకల్లోని దళిత కుటుంబాల సంగతి ఇంకా ఘోరం. బాగుపడ్డ రోజుల్లో వాళ్ళకు దక్కింది తక్కువ, చెడ్డ రోజుల్లో వాళ్ళు మునిగింది ముందు.

1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది. పక్షికి చోటు దొరికింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో పొక్లెయిన్లు దిగి గట్లు తెంపాయి. ఆపరేషన్ కొల్లేరు అన్నారు దాన్ని. గట్లు తెంపడం అవసరమేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కానీ గట్టు తెగిన రోజు లీజుదారుడు పెట్టుబడి లాగేసుకుని మరో చోటికి వెళ్ళాడు. లంకవాడికి వెళ్ళే చోటు లేదు. చెరువు పోయింది, వాటా పోయింది. తిరిగి వేటకు వెళదామంటే దోనె చీకిపోయింది, మావు అల్లే చెయ్యి మరిచిపోయింది. నీళ్ళలో పాత చేప లేదు, గుర్రపుడెక్క ఉంది. ఊళ్ళకు ఊళ్ళు కూలి పనులకు వలసపోయాయి. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అది కూడదంది. అప్పటి నుంచి ప్రతి ఎన్నికలోనూ మూడో కాంటూరు ఒక వాగ్దానం. మళ్ళీ గట్లు లేచాయి, మళ్ళీ కోర్టు, మళ్ళీ పొక్లెయిన్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచి, అక్కడితో ఆగక కొల్లేటి మీద పడ్డప్పుడు లంకల దారులు నీళ్ళ కిందికి పోయాయి.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడమని నా మనసు ఎప్పుడూ అడుగుతుంటుంది. ఎవరు ఎక్కువ నష్టపోయారు?

వడ్డీలకు ఊరుంది. లంక అంటే వాళ్ళదే. పంచాయతీలో వాళ్ళ మనిషి ఉంటాడు, ఎన్నికలొస్తే నాయకులు నీళ్ళు దాటి వస్తారు. ప్రభుత్వం వాళ్ళను వెనుకబడిన తరగతుల్లో 'ఎ' గ్రూపులో చేర్చింది. ఒడ్ర దేశం నుంచి వచ్చామన్న పేరే, వడ్డి, ఒడ్డె, వడ్డెలు అన్న రూపాల్లో, ఆ జాబితాలోకెక్కింది. పుట్టుక కథ వాళ్ళకు చదువులో, ఉద్యోగంలో ఒక మెట్టయింది. ఆ మెట్టెక్కిన పిల్లలున్నారు, ఉపాధ్యాయులైనవాళ్ళున్నారు. కొల్లేటి కోసం రోడ్డెక్కితే వాళ్ళు వేలమంది.

తివాచీవాళ్ళకు ఊరు లేదు, ఏలూరులో వీధి ఉంది. భూమి ముందునుంచీ లేదు, మగ్గమే వాళ్ళ పొలం. 2007 చట్టం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ కేటాయించినప్పుడు, ఎవరికి వర్తించదో కూడా రాసింది. సయ్యదులు, మొఘలులు, పఠాన్లు, అరబ్బులతోపాటు ఆ వరసలో ఇరానీ అన్న మాట కూడా ఉంది. షేక్ అని రాయించుకున్నవాడికి దారి దొరుకుతుంది. తాతల మాట పట్టుకుని ఇరానీ అని రాయించుకుంటే తలుపు మూసుకుంటుంది. నడుం నిటారు చేసిన ఆ ఒక్క మాటను కాగితం మీద మింగెయ్యాలి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా బాధేసింది. వాళ్ళు రోడ్డెక్కినా పదిమందే కనిపిస్తారు, ఎవరూ బండి ఆపరు. పిల్లలు ఆటో తోలుతున్నారు, సెల్‌ఫోను దుకాణాల్లో కూర్చుంటున్నారు, కొందరు గల్ఫు వెళ్ళారు. ఏ ముడీ వెయ్యనక్కర్లేని పనులవి. వాళ్ళు తిండికి మునుపటికన్నా మెరుగ్గానే ఉన్నారేమో, నేను కాదనను. తాతలు కూలికి వంగిన మగ్గం ముందు మనవడు కూర్చోకపోవడాన్ని తప్పనే హక్కు ఎవరికీ లేదు, నాకసలే లేదు.

ఇద్దరి పతనంలోనూ నాకు ఒకే చెయ్యి కనిపిస్తుంది. తివాచీవాడికి దారం తెచ్చిచ్చినవాడు, వడ్డీకి చేపపిల్ల తెచ్చిచ్చినవాడు వేరువేరు శతాబ్దాలవాళ్ళే, చేసిన పని ఒకటే. పనిచేసే చేతికీ పనికొచ్చే సరుకుకూ మధ్య దూరి, సరుకు తనదని చేతికి కూలి కట్టాడు. చెయ్యి ఒకసారి కూలికి అలవాటయ్యాక విద్య మెల్లగా పోయింది. నేతగాడు రంగు మరిచాడు, వేటగాడు నీటి దారి మరిచాడు. పడగొట్టినవాడు మాత్రం ఎప్పుడూ పడలేదు.

వడ్డీల పుట్టినింటి వైపు ఒకసారి చూడండి. ఒడిశాలో చిలికా ఉంది. అక్కడా రొయ్యల గట్లు లేచాయి, అక్కడా పూడిక పడి సరస్సు ఊపిరాడక కొట్టుకుంది, గట్ల తగవులో జాలర్ల రక్తం కారింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తెరిచారు. ఉప్పునీరు, మంచినీరు మళ్ళీ కలిశాయి, చేప తిరిగొచ్చింది. కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కిన 2002లోనే, ప్రమాదంలో ఉన్న సరస్సుల పట్టీ నుంచి చిలికా బయటపడింది, అంతర్జాతీయ బహుమతి అందుకుంది. అన్న ఇంట్లో దీపం వెలిగిన ఏడు తమ్ముడింటికి చీటీ ఒకటి అందింది, అంతే. అయినా ఆ వెలుగు చూసి నాకు ధైర్యం వస్తుంది. సరస్సు చావదు. దారి ఇస్తే నీరు తనంతట తాను వస్తుంది, నీరొస్తే చేప, చేప వస్తే మావు అల్లే చెయ్యి మళ్ళీ నేర్చుకుంటుంది. లంకల్లో అరవై దాటినవాళ్ళకు ఆ అల్లిక ఇంకా గుర్తుంది.

తివాచీకి అలాంటి మొగ తెరవడం ఎవరివల్లా కాదు. చేతి నుంచి చేతికి తప్ప మరే దారినా అది రాదు. ఇరానులో ఇప్పటికీ మగ్గాలున్నాయి, కానీ రామచంద్రఖానీ ఇరానులో లేదు. అది ఏలూరులోనే పుట్టింది, ఇక్కడ పోతే అంతటా పోయినట్టే. అందుకే, నన్నడిగితే, ఇద్దరిలో ఎక్కువ నష్టపోయింది తివాచీవాడే. వడ్డీ పోగొట్టుకున్నది నీటిని, దాన్ని తిరిగివ్వగల ప్రభుత్వం ఉంది, అడగడానికి అతనికి బలమూ ఉంది. ఇంకొకరిది అడగడానికి కూడా ఎవరూ మిగలని నష్టం.

మా తాతగారి తివాచీ ఏమైందో చెప్పాలి. ఆయన పోయాక ఇల్లు అమ్మేటప్పుడు అటక దించి చూస్తే ఒక మూల చెదలు పట్టింది. మిగిలిన భాగం ఎరుపు ఎరుపుగానే ఉంది. దాన్ని తీసుకుని ఏలూరు వెళ్ళాను. తంగెళ్ళమూడిలో ఒక పెద్దాయన దాన్ని తిరగేసి వెనక వైపు వేలితో తడిమాడు. మగ్గంవాళ్ళెవరూ ముందు వైపు చూడరు, వెనక ముళ్ళే చూస్తారు. "పాత చెయ్యండీ. ఈ రంగు ఇప్పుడు లేదు" అన్నాడు. చెదలు తిన్న మూల బాగు చేస్తారా అని అడిగాను. చాలాసేపు చూసి, ముడి వెయ్యగలనుగానీ ఆ ఎరుపు తేలేనన్నాడు. కూలి ఎంతన్నా తీసుకోనన్నాడు.

తిరుగు రైల్లో కుడి వైపు కిటికీ పట్టుకున్నాను. పొద్దు వాలుతోంది. కొల్లేటి దిక్కున గూడబాతులు ఆటపాక వైపు మళ్ళుతున్నాయి. పేరంటాల కనుమ గుండా సరస్సు ఇంకా సముద్రంలోకి పారుతూనే ఉంది. వేసవి వస్తే సముద్రమే అదే దారిన వెనక్కి వచ్చి లంకల బావులను ఉప్పు చేస్తోంది. ఈ మాటలు చదివినవారిలో ఏలూరువాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మనవి: తంగెళ్ళమూడిలో మగ్గం ముందు ఇంకా కూర్చున్న పెద్దల దగ్గరికి ఈ ఏడే వెళ్ళండి. ఏ పువ్వుకు ఏ పేరో, ఎన్ని ముళ్ళకు ఏ రంగో అడిగి రాసుకోండి. వచ్చే ఏడు అడగడానికి ఎంతమంది ఉంటారో చెప్పలేం.